‘నహి భై మానత ఆన’: ఏ ఆన?

మొన్న నాందేడ్ గురుద్వారాకి వెళ్లొచ్చినప్పటి నుంచి ఒక పాదం బుర్రను వదలట్లేదు. “భై కాహూ కఉ దేత నహి, నహి భై... ఆన”. మధ్యలో ఒక మాట జారిపోయింది. గురు నానక్‌దే కదా? ఆ చివరి ‘ఆన’, మన ‘రాముని ఆన’లో ఆన ఒకటేనా?

జవాబు: జారింది ‘మానత’. పద్యంలో నానక్ పేరు ముద్రగా ఉన్నంత మాత్రాన నానక్‌ది అయిపోదండీ, తర్వాతి గురువులూ అదే ముద్ర వేశారు. ఇది మహలా 9, అంటే తొమ్మిదో గురువు తేగ్ బహాదుర్. గురు గ్రంథ్ సాహిబ్ చివర వచ్చే ఆయన 57 శ్లోకాల్లో 16వది. భై అంటే భయం, ఆన అంటే అన్యులు. ఒకరిని భయపెట్టడు, ఒకరికి భయపడడు, వాడే జ్ఞాని. అంతే.

జవాబు: అంతే అని తేల్చేస్తే ఎలా మాస్టారూ! ఆజ్ఞకి వికృతి ఆన అని చిన్నప్పుడే చదివాం. ‘మానత ఆన’ అంటే ఆజ్ఞను మన్నించడం. 1675లో ఔరంగజేబు హుకుం కాదని చాందినీ చౌక్‌లో తల ఇచ్చినాయన ఆ మాట ఊరికే వేస్తాడా?

జవాబు: మరి ఆ రెండో ‘భై’ని ఏం చేస్తావు తమ్ముడూ, గాల్లో వేలాడదీస్తావా? అన్య, అణ్ణ, ఆన. ఇదీ అంత చక్కగానూ వస్తుంది. పైగా మొదటి సగంలో ‘కాహూ’ అని ఒక మనిషి ఉన్నాడు, రెండో సగంలోనూ ఉండాలి. గీత 12లో ‘యస్మాన్నోద్విజతే లోకో లోకాన్నోద్విజతే చ యః’ చూడు, అదే తూకం.

జవాబు: గీత దాకా ఎందుకు, మన పోతన లేడూ! ‘ఇమ్మనుజేశ్వరాధముల’ అని రాజుల మొహం మీదే అన్నాడు.

జవాబు: అన్నాడు సరే, ‘అధములు’ అని తిట్టాడు కదండీ. నిర్భౌ (భయం లేకపోవడం) ఉంది, నిర్వైర్ (పగ లేకపోవడం) ఏదీ? సిక్కుల మూలమంత్రంలో ఆ రెండూ పక్కపక్కన ఊరికే ఉన్నాయా?

జవాబు: ఆ నిర్భౌ కూడా అనుమానమే అక్కా. అదే పద్యంలో కాలుడి సమ్మెట వ్రేటులు తప్పించుకోవాలనేగా హరికిచ్చింది!

జవాబు: వ్రేటులు కాదు, పోటులు. మా నాన్నగారు అలాగే చదివేవారు.

జవాబు: సమ్మెటతో పొడుస్తారా ఎవరైనా? వ్రేటులే.

అయ్యా, నా ఆన సంగతి...

జవాబు: ఉండండి సార్, ముందు ఈ పోటు సంగతి తేలనివ్వండి.