అప్‌డేట్: రోహు స్పాన్ ఎందుకు చనిపోయిందో తెలిసింది

నర్సరీ చెరువులో వదిలిన రెండు రోజులకే రోహు స్పాన్ (గుడ్డులోంచి కొత్తగా వచ్చిన చేపపిల్లలు) చనిపోతోందని పోయిన నెల అడిగాను. సమాధానం చెప్పిన అందరికీ థ్యాంక్స్.

ఆక్సిజన్, పీహెచ్ బాగానే ఉన్నాయి. మందులు అనవసరంగా కొన్నాను. ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద పెడితే పిల్లల పొట్టలు ఖాళీ! గుడ్డులోంచి బయటికొచ్చిన మూడు రోజుల్లో పచ్చసొన సంచి కరిగిపోతుంది, ఆపైన బయటి తిండి దొరకాల్సిందే. నా చెరువు నీళ్లు గ్లాసులో ఎత్తి చూస్తే పెద్ద డాఫ్నియాలే (నీటి ఈగలు) గెంతుతున్నాయి. పిల్లల చిన్న నోటికి అవి పట్టవు, వాటికంటే బాగా చిన్న జీవులైన రోటిఫర్లు కావాలి. "ముందు ప్లాంక్టన్ (నీళ్లలో తేలే చిన్న జీవులు) చూడు" అన్న అన్నయ్య మాటే నిజమైంది.

ఈసారి చెరువు ఎండగట్టి, కొత్త నీళ్లు పెట్టి, ప్లాంక్టన్ పెరగడానికి పేడ వేశాను. రోటిఫర్లు కనబడ్డాకే స్పాన్ వదిలాను. వేరుశనగ చెక్క, తవుడు సమంగా కలిపి మెత్తటి పొడి చల్లుతున్నాను. పదో రోజు గిన్నెలో ఎత్తి చూశాను, పొట్టలు నిండుగా ఉన్నాయి. ప్రాణం లేచొచ్చింది.