'చెక్‌మేట్' అంటే రాజు చచ్చినట్టా, చిక్కినట్టా?

చదరంగప్రియ:
మా అబ్బాయికి చదరంగం కోచింగ్‌లో 'చెక్‌మేట్ అంటే రాజు చనిపోయాడని అర్థం' అని చెప్పారట. ఆ మాట 'షా మాత్' నుంచి వచ్చిందని నాకు తెలుసు. షా అంటే పారసీకంలో రాజు, అందులో పేచీ లేదు. 'మాత్' సంగతేమిటి?

పాతపుస్తకం:
చావేనండీ. అరబ్బీలో 'మాత' అంటే చనిపోయాడు. ఆట అరబ్బుల చేతుల మీదుగానే స్పెయిన్‌కీ, అక్కడి నుంచి మిగతా యూరప్‌కీ వెళ్ళింది. మాటా ఆ దారినే వెళ్ళింది.

నిదానం:
దారి సరే, పుట్టిల్లు వేరు కదండీ. మన చతురంగం ముందు ఇరాన్‌లో చత్రంగ్ అయింది, తర్వాతే అరబ్బుల నోట షత్రంజ్ అయింది. 'రాజు చనిపోయాడు' అని అరబ్బీలో అనాలంటే మామూలుగా క్రియ ముందు వస్తుంది, రాజుకి 'అల్' చేరుతుంది. 'షా మాత్'లో ఈ రెండూ లేవు. పారసీకంలో 'మాత్' అంటే దిక్కుతోచని, చేష్టలుడిగిన అని. 'మాత్ షొదన్' అంటే ఇప్పటికీ నిశ్చేష్టులవడమే. ఉర్దూలో 'మాత్ ఖానా' అంటే ఓడిపోవడం. హైదరాబాద్‌లో పెరిగినవాళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు.

అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం బోర్డు మీదే ఉంది. రాజు కోట కట్టుకుని మూలన ఉన్నాడు, ఎదురుగా తన మూడు బంట్లూ కదలకుండా నిలబడ్డాయి. అవతలి ఏనుగు చివరి వరుసలోకి దిగింది. అడ్డం వేయడానికి పావు లేదు, ఏనుగుని కొట్టేవాడూ లేడు. ఆట అక్కడితో సరి. మిగతా పావులన్నిటినీ చంపి పక్కన పెడతాం గానీ, రాజుని ఎవరూ బోర్డు మీంచి తీయరు. చావని రాజుకి చావు మాట ఎందుకు తగిలిస్తాం?

పాతపుస్తకం:
నియమం కాదనను. కానీ అరబ్బులు వందల ఏళ్ళు ఆ మాటలో చావునే విన్నారు. మాటకి అర్థం పుట్టినచోటే తేలిపోతుందా? వాడినవాళ్ళకి హక్కు లేదా?

నిదానం:
తప్పకుండా ఉంది. అయితే యూరప్ వాళ్ళు ఎలా వాడారో కూడా చూడాలి. పాత ఫ్రెంచిలో 'మాట్' అంటే ఓడి డస్సిపోయినవాడు. జర్మన్‌లో 'మట్' అంటే ఈరోజుకీ నీరసపడ్డ అని. ఇంగ్లీషులోకి 14వ శతాబ్దంలో వచ్చిన 'చెక్‌మేట్' కూడా క్రియగా అంతే: ఎదుటివాడికి ఎటూ దారి లేకుండా చేయడం. ఇన్ని భాషల్లో అలసటా ఓటమీ మిగిలాయి గానీ శవం ఎక్కడా లేదు.

బంటు:
తెలుగులో మనం అనేదీ 'ఆట కట్టు' అనే కదండీ. 'దొంగల ఆట కట్టించిన పోలీసులు' అని పేపర్లో వస్తే పట్టుకున్నారనే అనుకుంటాం, చంపారని కాదు.

పాతపుస్తకం:
పుట్టుక పారసీకమే అనుకుందాం. అయినా ఆ కోచ్ చెప్పింది కట్టుకథ అంటే మాత్రం ఒప్పుకోను. అరబ్బీ మాట్లాడేవాళ్ళకి అది చావుమాటే, ఈ ఆట మీద మొదటి గొప్ప పుస్తకాలు రాసిందీ బాగ్దాద్‌లో వాళ్ళే. పిల్లలకి రెండూ చెప్పాలి.