అమ్మకు షుగర్, ఇంట్లో పది పౌండ్ల బ్లూబెర్రీలు

తెనాలి అమ్మాయి, ఎడిసన్:
అందరికీ నమస్కారం. మా అమ్మ మే నెలలో తెనాలి నుంచి వచ్చింది. మొన్న శనివారం ఇక్కడ న్యూజెర్సీలోనే హామంటన్ వైపు, మనమే కోసుకునే బ్లూబెర్రీ తోటకి తీసుకెళ్లాం. చిన్నప్పుడు నేరేడు చెట్ల కింద ఏరుకున్న రోజులు గుర్తొచ్చాయేమో, ఎండ ఎక్కినా కదల్లేదు. తూకం వేస్తే పది పౌండ్లు వచ్చాయి. అమ్మకి పన్నెండేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలు వేసుకుంటుంది. "నేరేడు షుగర్‌కి మంచిదంటారుగా, ఇదీ దాని చెల్లెలేనే" అంటూ గిన్నె నిండా పెట్టుకుని తింటోంది. నాకేమో టెన్షన్. రోజుకి ఎన్ని తినొచ్చు? ఇంకోటి, తెచ్చిన రోజే అన్నీ కడిగి ఫ్రిజ్‌లో పెట్టాను. ఇవాళ చూస్తే కొన్నిటికి బూజు పట్టింది. ఎందుకలా?

వైన్‌లాండ్ పిన్ని:
అమ్మాయ్, కడగడం వల్లే. పండు మీద తెల్లగా పొడిలా ఉంటుంది చూడు, అది పండు తనకి తాను పూసుకున్న మైనం. లోపలి తేమ పోకుండా అదే కాపాడుతుంది. కడిగితే అది పోయి, తడి మిగులుతుంది. ఏ పూటకి తినేవి ఆ పూటే కడుక్కోండి.

ఇప్పుడు బూజు పట్టినవి, వాటికి అంటుకున్నవి తీసి పారేయి. మిగతావి గుడ్డ మీద బాగా ఆరబెట్టు. పళ్లెంలో ఒకే వరుసగా పరిచి రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచి, పొద్దున సంచిలో పోసుకో. గోళీల్లా విడివిడిగా ఉంటాయి. పంతొమ్మిదేళ్లుగా ప్రతి జూలైలో ఇదే పని నాకు. సంక్రాంతికి కూడా మా ఇంట్లో ఆ పండ్లే.

అమ్మగారి సంగతి. నేరేడుదీ దీనిదీ నలుపు కలిసిన ఆ నీలం రంగు ఆంథోసయనిన్లనే రంగు పదార్థాల వల్ల వచ్చేదే, అంతవరకు చుట్టరికం నిజం. కానీ నేరేడు జామ, లవంగం కుటుంబం, ఇది క్రాన్‌బెర్రీ అనే పుల్లటి ఎర్ర పండు కుటుంబం. నేరేడులా వగరూ ఉండదు, అందుకే చెయ్యి ఆగదు. కప్పు పండ్లలో, అంటే సుమారు 150 గ్రాముల్లో, 15 గ్రాముల చక్కెర, మూడున్నర గ్రాముల పీచు ఉంటాయి. మా ఆయనకీ షుగరే. అరకప్పు, పెరుగులో వేసి ఇస్తాను, జ్యూస్ మాత్రం చెయ్యను. తిన్న రెండు గంటలకి మీటర్‌లో చూసుకోమను. మాత్ర మానొద్దని గట్టిగా చెప్పు.

మళ్లీ వెళ్తే తొడిమ దగ్గర ఎర్రగా ఉన్నవి కొయ్యకండి. మామిడికాయలా ఇంటికొచ్చాక తియ్యబడదు. గుత్తి కింద అరచెయ్యి పెట్టి బొటనవేలితో మెల్లగా దొర్లిస్తే పండినవే రాలతాయి.

ఆవిడకి ఈ కథ కూడా చెప్పు. ఒకప్పుడు ఇది ఇక్కడి పైన్ అడవుల్లో దానంతటదే పెరిగే పండు. వైట్స్‌బాగ్ అనే ఊళ్లో క్రాన్‌బెర్రీ రైతు కూతురు ఎలిజబెత్ వైట్, పెద్ద పండ్లు కాసే పొద చూపించినవాళ్లకి డబ్బిచ్చి, ఆ పొదకి వాళ్ల పేరే పెట్టేది. ఈ మొక్కకి పుల్లటి నేల కావాలని కనిపెట్టిన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోవిల్‌తో కలిసి పనిచేసి, 1916లో మొదటి పంట అమ్మింది. ఆ తోట చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

రవి, డల్లాస్:
ఒక మాట. అమ్మగారు రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వేసుకుంటుంటే డాక్టర్‌ని అడగండి. వీటిలో విటమిన్ కె ఉంది, అది ఆ మందు పనిని తగ్గిస్తుంది, అందుకే ఒక్కసారిగా ఎక్కువ తినడం మొదలుపెట్టకూడదు. మా నాన్నగారికి అలాగే చెప్పారు.

కూకట్‌పల్లి నుంచి లత:
పిన్నిగారూ, ఇక్కడ చిన్న డబ్బా కొనాలంటేనే బోలెడు ఖరీదు. షుగర్ ఉన్న మా అత్తయ్యకి కొనమంటారా?

వైన్‌లాండ్ పిన్ని:
వద్దమ్మా. ఇప్పుడు మీకు నేరేడు కాలం. బండి మీద తాజాగా దొరుకుతాయి, అవే కొనిపెట్టు. నేనిక్కడ వాటికోసం మొహం వాచి ఉన్నాను.

తెనాలి అమ్మాయి, ఎడిసన్:
పిన్నిగారూ, చాలా థ్యాంక్స్. రవి గారూ, అమ్మ వార్ఫరిన్ వాడదు. నాలుగు సంచులు ఫ్రీజర్‌లోకి వెళ్లాయి. అరకప్పు కొలిచి ఇస్తే అమ్మ మొదట అలిగింది. రెండు గంటల తర్వాత మీటర్ చూపించాను, రోజూ వచ్చే అంకే. ఇప్పుడు ఆ కప్పు తనే కడిగి దాచుకుంటోంది.