దసరా సెలవుల్లో వైజాగ్ నుంచి హైదరాబాద్ వండర్‌లాకి: ఖర్చు తగ్గాలి, క్యూలు తప్పాలి, ఎలా?

కూర్మన్నపాలెం అమ్మ:

అందరికీ నమస్కారం. ఈ దసరా సెలవులకి పిల్లల్ని హైదరాబాద్ వండర్‌లా అమ్యూజ్‌మెంట్ పార్కుకి తీసుకెళ్తానని మాట ఇచ్చేశాను. బాబు ఎనిమిదో తరగతి, మంచి పొడగరి. పాపకి ఆరేళ్లు నిండాయి. మా ఆయనది స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ, ఇప్పుడు మంగళవారం వీక్లీ ఆఫ్ నడుస్తోంది. అత్తయ్యగారు కూడా వస్తానంటున్నారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేరు. మా చెల్లి వాళ్లది కూకట్‌పల్లి కాబట్టి ఉండడానికి ఇబ్బంది లేదు.

నా భయమల్లా ఏంటంటే, మా ఎదురింటి వాళ్లు వేసవి సెలవుల్లో ఒక పెద్ద పార్కుకి ఆదివారం పూట వెళ్లొచ్చారు. వేలకి వేలు పోసి, ఎండలో లైన్లలో నిలబడి, పిల్లలు అడిగినవాటిలో సగం కూడా ఎక్కకుండానే సాయంత్రం అయిపోయిందట. మాకు ఇలాంటి ప్రయాణం మళ్లీ ఎప్పటికి కుదురుతుందో తెలీదు. అందుకే వెళ్లిన ఒక్కరోజు పిల్లలకి పూర్తిగా దక్కాలని నా ఆశ.

ఫాస్ట్‌ట్రాక్ టికెట్, అదే, ఎక్కువ డబ్బు కడితే వేరే లైన్లోంచి త్వరగా పంపే టికెట్, తీసుకోవాలా? ఆన్‌లైన్‌లో ముందే కొనాలా, అక్కడికెళ్లి కొనుక్కోవచ్చా? తిండి సంగతేంటి? వెళ్లొచ్చినవాళ్లు వివరంగా చెప్తే మేలు చేసినవాళ్లవుతారు.

మర్రిపాలెం టీచర్:

అమ్మా, ఫాస్ట్‌ట్రాక్ గురించి తర్వాత చూద్దాం, ముందు తేదీ తేల్చుకోండి. మీ ఆయనకి మంగళవారం ఆఫ్ అన్నారు చూడండి, సగం పని అక్కడే అయిపోయింది.

నేను ఇక్కడ పిల్లలకి ట్యూషన్లు చెప్తాను. వాళ్లనీ వాళ్ల అమ్మానాన్నల్నీ కూడగట్టి ఇలాంటి చోట్లకి తీసుకెళ్తుంటాను. రైలు, టికెట్లు, భోజనాలు అన్నీ నా చేతి మీదుగానే జరుగుతాయి. అందుకని రూపాయి ఎక్కడ జారిపోతుందో, గంట ఎక్కడ జారిపోతుందో నాకు బాగా తెలుసు. ఆ రెండూ ఒకే చోట జారిపోతాయి. శని, ఆదివారాల్లోనూ పండగ సెలవుల్లోనూ టికెట్ ధరా ఎక్కువే, జనమూ ఎక్కువే. వాళ్ల వెబ్‌సైట్‌లో క్యాలెండర్ తెరిచి ఒక్కో తేదీ నొక్కి చూడండి, ధర ఎలా మారుతోందో మీకే కనిపిస్తుంది. ఏ రోజుకి తక్కువ చూపిస్తోందో ఆ రోజున జనం తక్కువ వస్తారని వాళ్లే అంచనా వేసుకున్నట్టు లెక్క. అంతకంటే నమ్మకమైన సమాచారం బయట ఎవరూ ఇవ్వలేరు.

ఫాస్ట్‌ట్రాక్ ధర మామూలు టికెట్‌కి దాదాపు రెట్టింపు దాకా వెళ్తుంది. మీ ఇంట్లో అందరికీ కొంటే ఆ తేడా డబ్బుతో మీ రానూపోనూ రైలు ఖర్చు వెళ్లిపోతుంది. మంగళవారం, బుధవారం వెళ్లేవాళ్లకి అది అనవసరం అని నా గట్టి అభిప్రాయం. సెలవుల మధ్యలో ఆదివారం తప్ప వేరే దారి లేదంటే మాత్రం, అప్పుడు కూడా అందరికీ వద్దు, పెద్ద రైడ్లు ఎక్కే మీ బాబుకీ, వాడితో వెళ్లే ఒక్కరికీ చాలు.

దసరా తప్పదు అంటున్నారు కాబట్టి చెప్తున్నాను. సెలవులు మొదలైన తొలి మంగళవారం వెళ్లండి. అక్కడివాళ్లు బతుకమ్మకి ఊళ్లకి వెళ్తూ ఉంటారు. రైలు కూడా ఆ వారం మనవైపు నుంచి హైదరాబాద్‌కి కాస్త సులువుగా దొరుకుతుంది, ఎందుకంటే రద్దీ అంతా అటు నుంచి ఇటు ఉంటుంది. సెలవుల ఆఖర్న అయితే ఇటు నుంచి అటు బెర్త్ అనే మాటే ఉండదు. దసరా కాకపోయినా ఫర్వాలేదు అనుకుంటే బడులు తెరిచేశాక, జులైలో ఏదైనా మామూలు పనిరోజు పెట్టుకోండి, చాలా హాయి. వాన గట్టిగా పడితే కొన్ని రైడ్లు కాసేపు ఆపుతారు, అంతే. నవంబరు నుంచి జనవరి వరకు మాత్రం జాగ్రత్త. పనిరోజే కదా అని వెళ్తే బడుల విహారయాత్రల బస్సులు వరసగా నిలబడి ఉంటాయి. వందలమంది పిల్లలు ఒకేసారి ఒకే రైడ్ మీద పడతారు.

ఇక లోపలికి వెళ్లాక. గేటు తెరిచే వేళకి అరగంట ముందే అక్కడ ఉండండి, టికెట్ ఫోన్లో సిద్ధంగా ఉండాలి. గేటు దాటగానే అందరూ ఎదురుగా కనబడిన మొదటి రైడ్ దగ్గర ఆగిపోతారు. మీరు ఆగొద్దు. ముందు రోజే మ్యాప్ చూసుకుని, బాబు ఏది ఎక్కి తీరాలంటాడో దాని దగ్గరికే నేరుగా నడవండి. హైదరాబాద్‌లో మగపిల్లలంతా వెనక్కి కూడా వెళ్లే ఆ రీకాయిల్ రోలర్ కోస్టర్ కోసమే వస్తారు. మధ్యాహ్నానికి దాని లైను సింహాచలం చందనోత్సవం నాటి క్యూలా పెరిగిపోతుంది. ఉదయాన్నే వెళ్తే ఎక్కి దిగి, కావాలంటే మళ్లీ ఎక్కొచ్చు.

నీళ్ల రైడ్లు ఉదయమే తెరవరు, కాస్త ఆలస్యంగా మొదలవుతాయి. అవి తెరిచిన ఘడియ నుంచి జనమంతా బట్టలు మార్చుకుని అటు పరిగెడతారు. సరిగ్గా ఆ గంటా గంటన్నరలో పొడి రైడ్ల దగ్గర లైన్లు సన్నబడతాయి. పిల్లలు గొడవ చేసినా మీరు ఆ సమయంలో పొడి రైడ్లే పూర్తి చేయండి. భోజనాల వేళ దాటాక నీళ్లలోకి దిగండి. ఒకసారి తడిశాక మళ్లీ పొడిబట్టలు, మళ్లీ నీళ్లు అని తిరిగితే బట్టలు మార్చుకునే గదుల దగ్గరే గంట పోతుంది. మిషన్ ఇంటర్‌స్టెల్లార్ అని లోపల ఏసీలో ఉండేది ఒకటి ఉంది, దాన్ని ఎండ మండే వేళకి అట్టేపెట్టుకోండి.

ఏ లైన్లోనైనా నిలబడేముందు రెండు నిమిషాలు పక్కన ఆగి చూడండి. ఒక్కో రౌండ్‌కి ఎంతమంది ఎక్కుతున్నారు, దించి మళ్లీ ఎక్కించడానికి ఎంతసేపు పడుతోంది. 20 మంది చొప్పున 4 నిమిషాలకో రౌండ్ అయితే, మీ ముందు 100 మంది ఉంటే 20 నిమిషాలు. అదే 8 మంది ఎక్కే చిన్న రైడ్ అయితే అంతే జనానికి దాదాపు 50 నిమిషాలు. లైను పొడుగు చూసి భయపడకూడదు, పొట్టిగా ఉందని సంబరపడకూడదు. ఈ లెక్క మా ట్యూషన్ పిల్లలకి నేర్పాక, ఏ లైన్లోకి వెళ్లాలో వాళ్లే నాకు చెప్తున్నారు. గుంటలు ఎంత ఇష్టంగా లెక్కలు వేస్తారో చూస్తే ముచ్చటేస్తుంది.

పాప ఎత్తు ఇంట్లోనే గోడకి నిలబెట్టి, చెప్పులు లేకుండా కొలవండి. టికెట్ వయసుని బట్టి కాదు, ఎత్తుని బట్టి. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకి టికెట్ లేదు, ఆపైన పిల్లల టికెట్ ఉంటుంది. పెద్ద రైడ్లలో చాలావాటికి 140 సెంటీమీటర్లు ఉండాలి. కాబట్టి పాప వాటిలో ఎక్కదు. ఆ సంగతి రైలెక్కక ముందే పాపకి చెప్పి ఒప్పించండి. లైన్లో అరగంట నిలబడ్డాక ఎత్తు కొలిచే గీత దగ్గర ఆపేస్తే చిన్నపిల్ల మనసు ఎంత చిన్నబుచ్చుకుంటుందో! బాబుతో ఒకరు, పాపతో ఒకరు విడిపోండి. ఇంటిల్లిపాదీ ఒకే లైన్లో నిలబడడమంత దండగ ఇంకోటి లేదు.

బట్టలు: నీళ్లలోకి నైలాన్ బట్టలే ఒప్పుకుంటారు, నూలు బట్టలు కుదరదు. ఇక్కడ గాజువాకలోనో పూర్ణామార్కెట్‌లోనో కొనుక్కుని తీసుకెళ్లండి. మీకు కూడా కొనుక్కోండి, ఒడ్డున కూర్చుంటాను అనుకోకండి. అలల కొలను దగ్గరికి వెళ్లాక ఏ అమ్మా కూర్చోలేదు. లాకర్ ఇంటికంతటికీ ఒకటి చాలు. అందులో తువ్వాళ్లు, పొడిబట్టలు ఒక్కొక్కరివి ఒక్కో కవర్లో పెట్టి పైన పేరు రాయండి.

తిండి బయటిది లోపలికి రానివ్వరు. చెల్లి వాళ్లింట్లో పెరుగన్నం, పులిహోర లాంటివి కడుపునిండా తిని బయల్దేరండి. లోపల ఒక్కపూట భోజనం పెట్టుకోండి, అదీ పన్నెండుకే గానీ రెండున్నర దాటాక గానీ. ఒంటిగంటకి వెళ్తే తిండికి కూడా క్యూయే. టికెట్‌తో కలిపి భోజనం అమ్ముతుంటారు, విడిగా కొనేదానితో పోల్చి చూసుకుని తీసుకోండి.

అత్తయ్యగారి విషయం ఒక్కటే నాకు సందేహం. రైడ్లు ఎక్కకపోయినా లోపలికి రావాలంటే టికెట్ ఉండాలి. వయసు పైబడినవాళ్లకి వేరే ధర ఉంటుంది, ఆధార్ తీసుకెళ్లాలి. ఆవిడకి మనవల సరదా చూడాలని ఉంటే తప్పకుండా తీసుకెళ్లండి, నీడలో కూర్చోడానికి చోటు దొరుకుతుంది. మొహమాటానికి వస్తానంటే మాత్రం కూకట్‌పల్లిలో మీ చెల్లి దగ్గర కబుర్లతో ఆవిడకి రోజు బాగా గడుస్తుంది. ఆవిణ్ణే అడగండి, మీరు నిర్ణయించకండి.

దొండపర్తి రైల్వే:

టీచర్ గారు అన్నీ చెప్పేశారు. రైలు సంగతి నేను చెప్తాను. మీరు కూర్మన్నపాలెంలో ఉంటూ వైజాగ్ స్టేషన్ దాకా ఆటోకి డబ్బులు పెట్టొద్దు. గోదావరి ఎక్స్‌ప్రెస్ దువ్వాడలో ఆగుతుంది, అక్కడే ఎక్కండి. రిజర్వేషన్ 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు, 120 రోజుల పాత లెక్క మర్చిపోండి. సెలవుల తేదీ తెలియగానే ఆ 60వ రోజు ఉదయం కూర్చుని బుక్ చేయాలి. పాపకి 12 లోపే కాబట్టి బెర్త్ వద్దంటే సగం ఛార్జీ, బెర్త్ కావాలంటే పూర్తి ఛార్జీ. స్లీపర్‌లో మీ పక్కన పడుకుంటుందంటే సగమే పెట్టండి. అత్తయ్యగారికి లోయర్ బెర్త్ కోటాలో ప్రయత్నించండి. పెద్దవాళ్ల రాయితీ 2020లో ఆగిపోయింది, అది లెక్కలో వేసుకోకండి.

గోదావరి పొద్దున్నే నాంపల్లిలో దింపుతుంది. అక్కడే మెట్రో ఎర్ర లైను ఉంది, నేరుగా కూకట్‌పల్లి. ఆటోవాళ్లతో బేరాలక్కర్లేదు. వేరే రైలు బుక్ చేస్తే ఏ స్టేషన్‌కి వెళ్తుందో టికెట్ మీద చూసుకోండి. కొన్ని రైళ్లని చర్లపల్లికి మార్చారు, అక్కడి నుంచి కూకట్‌పల్లి చాలా దూరం.

ముఖ్యంగా, దిగిన రోజే పార్కు, ఆ సాయంత్రమే తిరుగు రైలు అని పెట్టుకోవద్దు. తిరుగు గోదావరి సాయంత్రమే బయల్దేరిపోతుంది, పార్కు మూసేదాకా ఉంటే అందుకోలేరు. ఒక రాత్రి చెల్లి వాళ్లింట్లో పడుకుని మర్నాడు రండి.

ఏయూ హాస్టల్ 3:

అక్కా, కాలేజీ ఐడీ ఉన్నవాళ్లకి తగ్గింపు ఉంటుంది, ఒరిజినల్ కార్డు చూపించాలి. మీ చెల్లి వాళ్ల పిల్లలెవరైనా కాలేజీలో ఉంటే వాళ్ల టికెట్ విడిగా ఆ కింద తీసుకోండి. పుట్టినరోజు ఆఫర్లు కూడా పెడుతుంటారు, ఇంట్లో ఎవరిదైనా ఆ దగ్గర్లో ఉందేమో సైట్‌లో చూడండి. కూకట్‌పల్లి నుంచి పార్కు ఊరికి ఆ చివర, రావిర్యాల దగ్గర. ఊళ్లోంచి వెళ్లకుండా ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్లి 13వ ఎగ్జిట్‌లో దిగాలి. చెల్లి వాళ్లతో కలిసి ఒక పెద్ద కారు మాట్లాడుకుంటే మనిషికి చాలా తక్కువ పడుతుంది.

మధురవాడ నుంచి:

చెల్లి హైదరాబాద్‌లో లేకపోతే నేను భువనేశ్వర్ అనేవాడిని. అక్కడ కూడా 2024లో వండర్‌లా తెరిచారు, మనకి దూరం తక్కువ. వందేభారత్ మధ్యాహ్నం వైజాగ్‌లో బయల్దేరి రాత్రికి చేరుస్తుంది. పార్కు ఖుర్దా వైపు కాబట్టి ఖుర్దా రోడ్‌లో దిగొచ్చు. పూరీ కూడా దగ్గరే, పెద్దవాళ్లకి జగన్నాథుడి దర్శనం అవుతుంది. లాడ్జి ఖర్చు పడుతుంది గానీ, హైదరాబాద్‌లో చుట్టాలు లేనివాళ్లు ఆలోచించాల్సిన దారి.

కూర్మన్నపాలెం అమ్మ:

అందరికీ చాలా చాలా థాంక్స్. అత్తయ్యగారిని అడిగాను. ‘నాకు ఆ నీళ్లూ గీళ్లూ వద్దు, బిర్లా మందిర్‌కి తీసుకెళ్లండి చాలు’ అన్నారు. అది మర్నాడు ఉదయం పెట్టుకున్నాం, సాయంత్రం రైలుకి టైం సరిపోతుంది. పాప ఎత్తు 114 వచ్చింది. బాబు అప్పుడే కాగితం మీద రైడ్లు వరసగా రాసుకుంటున్నాడు. ఒక్క సందేహం టీచర్ గారూ, నా కళ్లజోడు, ఫోను రైడ్ల దగ్గర ఏం చేయాలి?

మర్రిపాలెం టీచర్:

బిర్లా మందిర్ మాట చాలా బాగుంది. మెట్లు, ఎక్కుడు ఉంటాయి కాబట్టి ఆవిణ్ణి నెమ్మదిగా ఎక్కించండి. కళ్లజోడుకి వెనక కట్టుకునే తాడు కొనుక్కోండి, కళ్లజోళ్ల కొట్లో దొరుకుతుంది. పెద్ద రైడ్లకి మాత్రం తాడున్నా తీసేయమంటారు, పాపతో కింద ఉన్నవాళ్ల చేతికివ్వండి. ఫోన్లు లాకర్లో పెట్టేయండి. ఒక్క ఫోను మీ దగ్గర మెడలో వేసుకునే వాటర్‌ప్రూఫ్ కవర్లో ఉంటే చాలు. విడిపోయినప్పుడు ఎన్ని గంటలకి ఎక్కడ కలవాలో ముందే అనుకోండి, లాకర్ గది గుమ్మం దగ్గరైతే అందరికీ గుర్తుంటుంది. టికెట్ బుక్ చేసేటప్పుడు తేదీ మరోసారి సరిచూసుకోండి, మీ ఆయన షిఫ్ట్ మారితే వీక్లీ ఆఫ్ కూడా మారుతుంది కదా.