ఫినిష్ లైన్ దగ్గర ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) సెన్సర్ ఎక్కడ పెట్టాలి?

అన్నలూ, మోడల్ కార్ల రేసుకి టైమర్ కట్టిన అనుభవం ఉన్నవాళ్లు కాస్త దారి చూపండి. తిరుపతిలో మా మిద్దె మీద పిల్లల కోసం ప్లైవుడ్‌తో మూడు లేన్ల వాలు ట్రాక్ చేశాం, టైమింగ్ ఆర్డ్వినో అనే చిన్న కంట్రోలర్ బోర్డు చూసుకుంటుంది. పక్కనుంచి అడ్డంగా బీమ్ వేస్తే ముందు వచ్చిన కారే మొత్తం బీమ్‌కి అడ్డుపడుతుంది, రెండో కారు ఎప్పుడొచ్చిందో తెలీదు. అందుకే ఒక్కో లేన్‌కి కింద రంధ్రం వేసి వెలుగుని పసిగట్టే ఫోటోట్రాన్సిస్టర్ పెట్టి, పైన ఆర్చ్‌కి 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీలు బిగించాం. సాయంత్రం బంగారంలా పనిచేస్తుంది. పగలు మాత్రం మన ఎండ సంగతి తెలిసిందేగా, ఆ ఎండలోని ఇన్‌ఫ్రారెడ్‌కే సెన్సర్ నిండిపోయి కారు నీడని పట్టించుకోదు, పిల్లల మొహాలు చూడలేకపోతున్నా. టీవీ రిమోట్‌లా 38 కిలోహెర్ట్జ్ వేగంతో మినుకుమనే ఐఆర్‌నే పట్టే రిసీవర్ వేద్దామంటే, టీఎస్ఓపీ 1738 లాంటివి ఆగకుండా వచ్చే సిగ్నల్‌ని కాసేపటికి నాయిస్ అనుకుని అణిచేస్తాయి. సెన్సర్‌ని నల్ల స్ట్రా ముక్కలో లోతుగా దింపితే సరిపోతుందా, ఎంత లోతు? ముక్కు పైకి లేచిన కారుకీ, నేలకు ఆనేలా ఉన్న కారుకీ అన్యాయం జరగకుండా ఎల్ఈడీ సరిగ్గా నిట్టనిలువుగా ఉండాలా? ఫోటో ఉంటే పెట్టండి ప్లీజ్.