షట్టర్ దించినా ఆగని ఫోను

ప్రశ్న (అరండల్‌పేట, గుంటూరు):
నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. చేరిన కొత్తలో కొట్టు బల్ల మీద ల్యాండ్‌లైన్ ఒక్కటే ఉండేది కనుక, షట్టర్ దించామంటే ఆ రోజు పని ముగిసినట్టే. ఇప్పుడు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, సరుకు వెల్లువెత్తే రోజుల్లో, రాత్రి పదింటికి కూడా రైతులు ధర అడుగుతూ ఫోన్ చేస్తూనే ఉంటారు. మొన్న నేను అన్నం తింటూండగా మా తొమ్మిదేళ్ల అమ్మాయి ఫోన్ ఎత్తి, "నాన్న తింటున్నారండీ, తేజ ధర పొద్దున చెప్తారు" అని పెట్టేసింది. అందరం నవ్వాం గానీ, తేజ అంటే మిర్చి రకమని ఆ పిల్లకు నేనెన్నడూ చెప్పలేదు. ఇంటికి వచ్చాక ఫోన్ కట్టేసే హక్కు నాలాంటి గుమాస్తాకు ఉంటుందా?

జవాబు (లక్ష్మీపురం, గుంటూరు):
ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు 26 నుంచి, పనివేళలు దాటాక వచ్చిన ఫోనుకు, అలా నిరాకరించడం అసమంజసం కానంత వరకు, బదులివ్వకుండా ఉండే హక్కు చాలామంది ఉద్యోగులకు దక్కింది. ఫ్రాన్స్‌లో ఇలాంటి నిబంధన 2017లోనే వచ్చింది. మన లోక్‌సభలో ఎంపీ సుప్రియా సూలే గారు ఇదే హక్కు కోసం 2018లో ప్రవేశపెట్టిన ప్రైవేటు మెంబర్ బిల్లు (మంత్రి కాని సభ్యులు తెచ్చేది) చట్టం కాలేదు. అయినా ఇవేవీ మనకు వర్తించవండీ. పైగా మీకు ఫోన్ చేసేది రైతు. కళ్లంలో టిక్కీలు (మిర్చి బస్తాలు) కట్టుకుని, రాత్రికే బండి ఎక్కించాలా వద్దా అని తేల్చుకోలేక ఉన్న మనిషిని ఏ చట్టం ఆపుతుంది? అడ్మిన్లు మాత్రమే రాయగలిగేలా ఒక వాట్సాప్ గ్రూపు పెట్టి, యార్డు ముగియగానే రకాలవారీగా ధరలు అందులో వేయండి. కొట్టు నంబరుకు వేరే సిమ్ కూడా అడగండి.

జవాబు (పటమట, విజయవాడ):
సిమ్ మార్గం మేమూ చూశాం. మావారు ఆటోనగర్‌లో ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పనిచేస్తారు. అర్ధరాత్రి దారిలో లారీ ఆగిపోతే డ్రైవరు ఆయనకే చెప్పుకోవాలి కనుక ఫోన్ ఆపడం కుదరదు. అందుకే సిమ్‌కు బదులు డ్రైవర్లకు మాత్రం వేరే రింగ్‌టోన్ పెట్టి, ఎనిమిది దాటాక మిగిలినవన్నీ మూగబోయేలా చేశాం. అయితే మోగకపోయినా ఆయనే గంటకోసారి తీసి చూసుకుంటారు, దానికి మందు లేదు. ఇంకో మాట: బాబు స్కూలు బస్సు ఆలస్యమైతే నేను ఆయనకు ఆఫీసులో ఉండగానే ఫోన్ చేస్తాను, దాన్ని ఇంతవరకు ఎవరూ తప్పుపట్టలేదు.

ప్రశ్న అడిగినవారు:
గ్రూపు మొదలుపెట్టాను, ఫోన్లు కొంత తగ్గాయి. సిమ్‌కు యజమాని వెంటనే ఒప్పుకున్నారు. కాకపోతే రాత్రిళ్లు అది కూడా నా దగ్గరే ఉండాలట.