అప్‌డేట్: ఇన్‌ఫ్రారెడ్ ఫొటోలకు సాఫ్ట్‌వేర్ కుదిరింది

720 నానోమీటర్ల ఫిల్టరుతో (కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతినే ఎక్కువగా లోపలికి వదిలేది) తీసిన ఫొటోలు దిద్దుకోవడానికి, సర్దుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని మొన్న వేసవిలో అడిగాను. జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. ఆలస్యానికి కారణం నా బద్ధకమే.

మొదట అడోబీ వారి ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ చూశాను. దాని వైట్ బ్యాలన్స్ (తెలుపు తెల్లగా కనబడేలా రంగులు సరిచేసే) స్లైడర్ 2000 కెల్విన్ దగ్గర ఆగుతుంది. ఇన్‌ఫ్రారెడ్‌కు ఇంకా కిందికి దిగాలి. మీలో ఒకరు చెప్పినట్టు అడోబీ వారిదే డీఎన్‌జీ ప్రొఫైల్ ఎడిటర్‌తో సొంత ప్రొఫైల్ (రంగులు ఎలా చూపాలో చెప్పే ఫైలు) చేసుకుంటే ఆ చిక్కు తీరుతుంది. కానీ ఆకాశం నీలంగా కనబడాలంటే ఫొటోలోని ఎరుపు, నీలం చానళ్లను (రంగుల పాళ్లను) తారుమారు చేయాలి, దానికి మళ్లీ ఫొటోషాప్ తెరవాలి. తీరిక దొరికినప్పుడు తీసుకునే నాలుగు ఫొటోలకు నెలనెలా చందా ఎందుకనిపించింది.

చివరికి డార్క్‌టేబుల్‌లో స్థిరపడ్డాను. ఉచితం. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర తీసిన రా ఫైలు (కెమెరా ఏమీ దిద్దకుండా దాచిన ఫొటో) తెరిస్తే మొత్తం కుంకుమ చల్లినట్టుంది. పచ్చిక మీద చిన్న గడి గీసి వైట్ బ్యాలన్స్ తీసుకోగానే చెట్లు తెల్లబడ్డాయి, ఆకాశం ఇటుక రంగుకు తిరిగింది. ఇక చానళ్ల తారుమారుకు, డార్క్‌టేబుల్‌లోని కలర్ కాలిబ్రేషన్‌లో ఎరుపు ట్యాబులో ఎరుపు సున్నా, నీలం ఒకటి పెట్టాను. నీలం ట్యాబులో దానికి తలకిందులు. అంతే, గుమ్మటం వెనక నీలాకాశం! మా ఆవిడ చూసి, "హైదరాబాదులో మంచు ఎప్పుడు కురిసిందండీ?" అంది.

ఫొటోలు సర్దడానికి డిజికామ్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. ఫిల్టరు పేరు, లెన్సు పేరు ట్యాగులుగా పెడుతున్నాను. ఏ లెన్సుకు మధ్యలో తెల్లమచ్చ వస్తోందో ఇప్పుడు ఇట్టే తెలుస్తోంది. కెమెరాతో పాటు వచ్చిన నా పాత కిట్ లెన్సే దోషి. ఆ మచ్చ మాత్రం ఇంకా చేత్తోనే దిద్దుతున్నాను.